ఇన్‌ఛార్జి దేశం

నాకు ఒక దేశాన్ని అప్పగిస్తూ ఉత్తర్వు వచ్చిన రోజున నేను గ్రంథాలయంలో చెదలమందు కొట్టిస్తున్నాను.

అర్థశాస్త్రం పాఠాలు చెప్పేవాడికి చెదలమందుతో ఏం పని అని ఎవరైనా అడిగితే వాళ్లకి మా చింతలేరు విశ్వవిద్యాలయం సంగతి తెలియదన్నమాట. మా దగ్గర ఎవరైనా రిటైరైతే ఆ కుర్చీలోకి కొత్త మనిషి రాడు. దాన్ని పక్కనున్నవాడి నెత్తిన పెడతారు. కాగితం మీద 'పూర్తి అదనపు బాధ్యతలు' అని రాస్తారు, నోటితో ఇన్‌ఛార్జి అంటారు. లైబ్రేరియన్ గారు వెళ్లిపోయాక గ్రంథాలయానికి నేనే ఇన్‌ఛార్జి. వ్యాయామ దర్శకుడు వెళ్లిపోయాక ఆటస్థలానికీ నేనే. తర్వాత మొక్కలు వచ్చాయి, అతిథిగృహం వచ్చింది. నా సొంత శాఖకి మాత్రం నేను అధిపతిని కాను, దానికి వృక్షశాస్త్రం ఆయన ఇన్‌ఛార్జి. మా రిజిస్ట్రారు దండపాణి గారు కూడా ఇన్‌ఛార్జి రిజిస్ట్రారే, ఆయన అసలు శాఖ రసాయనశాస్త్రం. ఆ పైన వైస్ ఛాన్సలర్ గారు కూడా ఇన్‌ఛార్జే. వారు రాజధానిలో ఉంటారు, మేం వారిని ఫొటోలో చూసుకుంటాం.

అందుకని అటెండరు కవరు తెచ్చివ్వగానే మళ్లీ ఏదో ఒకటి అంటగట్టారని అర్థమైంది. ఈసారి క్యాంటీన్ అయ్యుంటుందని అనుకుంటూ విప్పాను.

'విషయం: అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రంలో ద్విదేశీయ జంట ఎం.ఏ. పట్టా - రెండవ దేశం ఖాళీ ఏర్పడుట - గురించి. పై విషయమై, సదరు రెండవ దేశము యొక్క పూర్తి అదనపు బాధ్యతలను శ్రీ పరాంకుశం, సహాయాచార్యులు, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు నిర్వహించవలసిందిగా ఆదేశించడమైనది. ఇందుకు ఎట్టి అదనపు పారితోషికమూ ఉండదు.'

ఎందుకైనా మంచిదని మళ్లీ చదివాను. పారితోషికం ఉండదన్న వాక్యం ఒక్కటే అర్థమైంది.

ఈ జంట పట్టా గొడవ అంతకు ముందు ఏడాది మొదలైంది. ఏ విశ్వవిద్యాలయం చూసినా విదేశాలతో ఒప్పందాలు కుదుర్చుకుంటోందని, మనం మాత్రం పక్క జిల్లాతో కూడా కుదుర్చుకోలేదని పాలకమండలిలో ఎవరో వాపోయారు. వెంటనే ఉత్తర సముద్రపు ఒడ్డునున్న ఒక దేశంలోని విశ్వవిద్యాలయాన్ని పట్టుకున్నారు. ఆ దేశం పేరు చెప్పను. చెబితే దౌత్యసంబంధాలు దెబ్బతింటాయని రిజిస్ట్రారు గారి హెచ్చరిక. ఒప్పందం తెరమీద వీడియోలో జరిగింది, కాబట్టి శాలువాని కూడా తెరకే కప్పారు. ఆ తర్వాత కాసేపు ఎవరూ కనపడలేదు, మాటలు మాత్రం వినిపించాయి.

ఏర్పాటు చక్కగానే ఉంది. విద్యార్థి మొదటి దేశంలో, అంటే మా దగ్గర, ఒక ఏడాది చదవాలి. రెండో ఏడాది రెండవ దేశంలో చదవాలి. అక్కడివాళ్లు రిలీవింగ్ ఆర్డరు ఇస్తే దాన్ని పట్టుకొచ్చి మళ్లీ మొదటి దేశంలో చేరాలి. అప్పుడు రెండు ఎం.ఏ.లూ ఒకేసారి చేతికొస్తాయి. పిల్లలు చేరారు, మొదటి ఏడాది గడిచింది. సరిగ్గా పెట్టెలు సర్దుకునే వేళకి అవతలి విశ్వవిద్యాలయం వాళ్లు తమ దగ్గర ఏదో పునర్వ్యవస్థీకరణ జరుగుతోందని, ప్రస్తుతానికి తమని వదిలేయమని ఎంతో మర్యాదగా రాశారు.

నేను ఉత్తర్వు పట్టుకుని దండపాణి గారి గదికి పరుగెత్తాను.

"సార్, దేశం ఖాళీ ఏర్పడటం ఏమిటి సార్?"

"కూర్చోండి పరాంకుశం గారూ." ఆయన సొంత ఇంట్లో కాఫీ అడిగినా ముందు విషయం, తర్వాత సూచిక చెబుతారని అంటారు. "సదరు విదేశం వారు తాత్కాలికంగా వైదొలగినట్లు సమాచారం అందినది. తద్వారా ఏమైంది? ఒక స్థానం ఖాళీ ఏర్పడింది. ఖాళీ ఏర్పడినప్పుడు మనం ఏం చేస్తాం?"

"ప్రకటన ఇచ్చి భర్తీ చేస్తాం."

ఆయన నావైపు జాలిగా చూశారు. నాకే సిగ్గేసింది. మా దగ్గర అలా భర్తీ అయిన ఆఖరివాణ్ణి నేనే, అదీ ఏదో పొరపాటున.

"ఇన్‌ఛార్జిని పెడతాం సార్," అన్నాను.

"అదీ! గ్రంథాలయానికి పెట్టాం, ఆటస్థలానికి పెట్టాం. దేశానికి పెట్టకూడదని ఏ నిబంధనలోనైనా ఉన్నదా?"

"గ్రంథాలయం ఉంది కదా సార్. బీరువాలున్నాయి, చెదలున్నాయి. దేశం ఎక్కడుంది?"

దండపాణి గారు కుర్చీలోంచి లేవకుండానే కిటికీలోంచి చెయ్యి చాపారు. క్యాంపస్ వెనక కొసన, ముళ్లకంచె పక్కన, మూతబడిన పట్టుపురుగుల శాఖ భవనం కనిపించింది. పురుగులకి మేతగా వేసిన మల్బరీ చెట్లు అడిగేవాడు లేక పెరిగి భవనాన్ని కప్పేశాయి.

"మరి ఈ కోర్సు రద్దు చేసేస్తే సరిపోదా సార్?"

"శిలాఫలకం వేశాం," అన్నారాయన. "పెద్దలు విచ్చేసి ఆవిష్కరించారు. ఆవిష్కరించిన ఫలకాన్ని అనావిష్కరించుటకు వీలు లేదు." తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇన్‌ఛార్జి అంటే కుర్చీని కాపాడేవాడు. దైనందిన వ్యవహారాలు చూసుకోండి. విధానపరమైన నిర్ణయం మాత్రం ఒక్కటి కూడా తీసుకోరాదు. యుద్ధాలు వగైరా పెట్టుకోవద్దు," అన్నారు.

నేను ఆ సాయంత్రమే దేశం తాళంచెవి తీసుకున్నాను.

దేశమన్నాక జెండా ఉండాలి. విశ్వవిద్యాలయం గేటు ఎదురుగా మల్లేశ్వరి అనే ఆవిడ జాకెట్లు కుట్టే దుకాణం నడుపుతోంది. ఆమె దగ్గరకి వెళ్లి రెండవ దేశానికి జెండా కావాలని చెప్పాను.

"ఏ దేశానికి సారూ?" అంది ఆవిడ, నోట్లో గుండుసూదులు తీయకుండానే.

"మా వెనక భవనం."

"పురుగుల షెడ్డా? ఇంతకీ మా పిల్ల పొయ్యేది ఆడికేనా?"

అప్పుడు తెలిసింది, మా మొదటి జట్టులో అందరికంటే చురుకైన సువర్చల ఈమె కూతురని. భర్త లేని మనిషి, జాకెట్లు కుట్టి కూతుర్ని ఇంతదాకా తెచ్చింది. ఢిల్లీలో విదేశీ వాణిజ్యం మీద పరిశోధన చేసే ఒక సంస్థ ఉంది, అక్కడ ఉద్యోగమంటే రెండు దేశాల్లో చదివిన పట్టా ఉండాలి. ఆ ఒక్క ఆశతోనే సువర్చల మా కోర్సులో చేరింది. నేను అవునన్నాను. ఆవిడ కుట్టుమిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"సరేలే సారూ. విదేశమంటే గుండె దడగా ఉండేది. ఇదైతే దాబా ఎక్కితే కనపడిద్ది," అని, వంగపండు రంగు, మామిడాకు రంగు ముక్కలు కలిపి మర్నాటికల్లా జెండా కుట్టేసింది. నడుమ పట్టుపురుగు వేయమన్నాను. అది ఎటు చూసినా వానపాములాగే వచ్చింది. అంచుకి మాత్రం ఎవరూ అడక్కుండానే జరీ వేసింది.

మొదటి దేశం వదిలే రోజున పిల్లలందరూ పెట్టెలతో పరిపాలనా భవనం ముందు నిలబడ్డారు. రెండవ దేశం అక్కణ్ణించి నడిచివెళితే ఒక పాట పాడుకునేంత దూరం. కానీ నడిచి వెళితే అది అంతర్గత బదిలీ అవుతుందని, విదేశీయానం కాదని ఆడిట్ వాళ్లు ముందే చెప్పారు. అందుకని విశ్వవిద్యాలయం బస్సులో ఎక్కించి, ముందు గేటు దాటించి, ఊరంతా తిప్పి, వెనక గేటు నుంచి తీసుకురావాలని నిర్ణయమైంది. బస్సు ఊరంతా చుట్టి వస్తుంటే డ్రైవరు మల్లేశ్వరి దుకాణం ముందు ఆపాడు, వాళ్లావిడ జాకెట్లు తీసుకోవాలట. మల్లేశ్వరి అంతకు ముందే గేటు దగ్గర కూతురికి వీడ్కోలు చెప్పి, కళ్లు తుడుచుకుని దుకాణానికి వచ్చి కూర్చుంది. బస్సు చూసి కంగారుపడి, "అప్పుడే తిరిగొచ్చావటే అమ్మాయ్!" అంది.

"లేదమ్మా, మధ్యలో ఆగింది," అంది సువర్చల కిటికీలోంచి, ఎంతో ఓపిగ్గా.

వెనక గేటు దగ్గర వెదురుబొంగు అడ్డంగా కట్టించాం. సెక్యూరిటీ అతను వలస అధికారిగా బొంగు ఎత్తి, పేరు పేరునా అడిగి, ముద్ర వేసి పంపాడు. వీసాలు జిరాక్స్ గదిలో ఇచ్చేవాళ్లు. ఆ గది గుమ్మానికి 'రాయబార కార్యాలయం' అని బోర్డు, దాని కింద 'ల్యామినేషన్ కూడా చేయబడును' అన్న పాత బోర్డు ఉండేవి.

ఆ అసలు దేశం గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక నడుస్తుందట. వాతావరణం ఎలాగూ తేలేం, కనీసం టైమైనా తేవాలని దండపాణి గారు పట్టుబట్టారు. పట్టుపురుగుల భవనంలో గోడ గడియారం వెనక్కి తిప్పాం. దాంతో బయట మధ్యాహ్నం పన్నెండైతే మా దేశంలో టిఫిన్, బయట దీపాలు పెట్టే వేళకి భోజనం. రిజిస్ట్రారు గారు పొద్దున్నే నాకు ఫోన్ చేస్తే, "క్షమించాలి సార్, మా దేశంలో ఇంకా తెల్లవారలేదు," అనేవాణ్ణి. ఆయన వెంటనే మర్యాదగా పెట్టేసేవారు. నా ఉద్యోగ జీవితంలో అంత సుఖపడ్డది ఆ ఏడాదే.

ఇబ్బందల్లా మల్లేశ్వరితో వచ్చింది. వారం తిరక్కముందే ఆవిడ క్యారేజీ పట్టుకుని వెదురుబొంగు దగ్గరకి వచ్చింది. సెక్యూరిటీ అతను మూత తీయించి చూశాడు.

"గోంగూర పచ్చడి. ఇది కుదరదమ్మా. మొక్కలకి సంబంధించినవి విదేశాల్లోకి పోనీరు."

"పచ్చడయ్యాక మొక్కేందయ్యా!"

"పైగా వాళ్లకిప్పుడు టిఫిన్ టైము. అన్నం ఎట్టా పంపుతావు?"

ఆవిడ నన్ను పిలిపించింది. నేను నిబంధనల పుస్తకం అక్కడక్కడ తిరగేసి, పచ్చడిని లోపలికి రానివ్వడం విధానపరమైన నిర్ణయమే అవుతుందని, కానీ కంచె ఇవతల నిలబడిన విద్యార్థిని కంచె అవతలి తల్లి చేతిలోంచి ముద్ద తింటే అది దిగుమతి కిందకి రాదని తేల్చాను. రోజూ అదే జరిగింది. సువర్చల కంచె సందులోంచి నోరు తెరిచేది, తల్లి ముద్దలు పెట్టేది. విదేశంలో చదివే కూతురికి రోజూ గోరుముద్దలు తినిపించిన తల్లి దేశం మొత్తం మీద ఆవిడ ఒక్కతే అయ్యుంటుంది.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఏడాది మా పిల్లలు చదివినట్లు అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రం ఎవరూ చదివి ఉండరు.

ఇదంతా టీతో మొదలైంది. క్యాంటీన్ మొదటి దేశంలో ఉంది. మా వాళ్లు కంచె మీదుగా టీ తెప్పించుకునేవాళ్లు. ఇది చూసిన క్యాంటీన్ కాంట్రాక్టరు విదేశీ ఎగుమతులకి వేరే ధర ఉండాలని దండపాణి గారికి అర్జీ పెట్టుకున్నాడు. ఆయన మహా సంతోషంగా 'సరిహద్దు రుసుము' వేశారు. మర్నాడు నేను క్లాసుకి వెళ్లేసరికి సువర్చల బోర్డు దగ్గర నిలబడి ఉంది.

"సార్, పాఠం తర్వాత. ముందు ప్రతీకార చర్య సంగతి చూడాలి."

"యుద్ధం వద్దన్నారమ్మా."

"యుద్ధం కాదు సార్, వాణిజ్యం. మన దేశంలో ఏం పండుతుంది?"

కిటికీ బయట మల్బరీ చెట్లు విరగకాసి ఉన్నాయి. మొదటి దేశం ఆడపిల్లల హాస్టలు మొత్తం ఆ పళ్లమీదే బతుకుతోందని, సాయంత్రమైతే కంచె దగ్గర దోసిళ్లు పట్టుకుని నిలబడతారని మాకు అప్పుడే తట్టింది. ఆ రోజు నుంచి మల్బరీ ఎగుమతి ఆపేశాం. చెట్టు కాయడమూ కోయడమూ దైనందిన వ్యవహారాలే గనక నేను అడ్డు చెప్పలేదు. వారం తిరక్కముందే హాస్టలు పిల్లలు క్యాంటీన్ ముందు ధర్నాకి దిగారు. కాంట్రాక్టరు కాళ్లబేరానికి వచ్చాడు. కంచెకి అటూ ఇటూ బెంచీలు వేసుకుని చర్చలు జరిపారు. గుప్పెడు పళ్లకి ఒక టీ అని ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత టీ కప్పు చిన్నదైంది, మా వాళ్లు గుప్పెడు చిన్నది చేశారు. దీన్నే ద్రవ్యోల్బణం అంటారని నేను బోర్డు మీద రాయబోతే, "తెలుసు సార్, పొద్దున్నే తాగాం," అన్నారు పిల్లలు. పుస్తకంలో ఉన్నదంతా పిల్లలు కంచె మీద నేర్చుకుంటుంటే ఏ పంతులికి సంతోషం ఉండదు?

ఇలా రెండో ఏడాది గడిచింది. పరీక్షలు అయ్యాయి. సువర్చల మొదటి స్థానంలో నిలిచింది. ఢిల్లీ సంస్థవాళ్లు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసి, సరిహద్దు వాణిజ్యం గురించి ఇంత అనుభవంతో మాట్లాడిన అభ్యర్థిని తాము చూడలేదని రాశారు. జులై మొదటి సోమవారం రెండు పట్టాలతో వచ్చి చేరమన్నారు. రాకపోతే ఆ ఉద్యోగం వరసలో తర్వాతివాళ్లకి వెళ్లిపోతుంది.

సువర్చల ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని నా గదికి పరుగున వచ్చింది. "సార్, రిలీవింగ్ ఆర్డరు ఇచ్చేయండి. రేపు మొదటి దేశంలో చేరిపోతా."

నేను సంతోషంగా కలం తీశాను. మూత కూడా తీశాను. అక్కడ ఆగిపోయాను.

విద్యార్థిని దేశంలోకి చేర్చుకోవడం దైనందిన వ్యవహారం. దేశంలోంచి శాశ్వతంగా పంపించేయడం మాత్రం దైనందినం ఎలా అవుతుంది? రోజూ పంపించం కదా!

కలం జేబులో పెట్టుకుని దండపాణి గారి దగ్గరకి వెళ్లాను.

"మంచి పని చేశారు, సంతకం పెట్టలేదు," అన్నారాయన. "విడుదల అనునది విధానపరమైన అంశం. ఇన్‌ఛార్జికి అధికారం లేదు."

"అయితే మీరివ్వండి సార్."

"నేను మొదటి దేశం వాణ్ణి. పరాయి దేశం ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యం చేసుకొనుట సమంజసమా?"

"మరి పిల్లలు అక్కడే ఉండిపోతారు కదా సార్! ఎక్కినవాళ్లు దిగడానికి లేకపోతే ఎలా?"

"తిరుగుప్రయాణ కమిటీ వేద్దాం."

"కమిటీకి అధ్యక్షులెవరు సార్?"

"ప్రస్తుతం ఆ స్థానం ఖాళీ," అని ఆయన నావైపు చూశారు. నేను వినిపించుకోనట్లు బయటకి వచ్చేశాను.

సువర్చల బొంగు దగ్గరే నిలబడి ఉంది. విషయం చెప్పాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, వెంటనే కోపం వచ్చింది.

"ఇది వెదురుబొంగు సార్. కింద నుంచి వంగి వస్తే అయిపోతుంది."

"వస్తే అనుమతి లేకుండా దేశం విడిచినట్లు రాస్తారమ్మా. రెండు పట్టాలూ పోతాయి."

"ఒక ఏడాదంతా మా అమ్మ ఈ సందులోంచి ముద్దలు పెట్టింది సార్. ఎందుకనుకుంటున్నారు? ఆటగానా?"

ఏడాదిపాటు నేనూ ఆటగానే తీసుకున్నాను. పొద్దున్నే ఫోన్ తప్పించుకోవడం, మల్బరీ చర్చలు, అన్నీ బాగున్నాయి. ఆ పిల్లకి మాత్రం మొదటి నుంచీ ఇది బతుకే. నా మీద నాకే రోత పుట్టింది. కలం తీసి పెట్టేద్దామా అనుకున్నాను. అధికారం లేనివాడి సంతకం చెల్లదు. పెట్టినా ఆ పిల్లకి చెల్లని కాగితమే మిగులుతుంది.

అలా జూన్ నెలాఖరు వచ్చింది. అప్పుడే ఎవరూ పిలవని మనిషి వచ్చింది.

ప్రొఫెసర్ మార్గిట్. అసలు రెండవ దేశం నుంచి, అసలు విశ్వవిద్యాలయం నుంచి. వాళ్ల పునర్వ్యవస్థీకరణ పూర్తయిందట. ఒప్పందాన్ని మళ్లీ మొదలుపెడదామని, ముందు మమ్మల్ని కళ్లారా చూసి పోదామని టాక్సీ దిగింది. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు, వీపున సంచి. దండపాణి గారికి చెమటలు పట్టాయి. రెండేళ్ల కిందట తెరకి కప్పిన శాలువానే వెతికించి ఆవిడకి కప్పారు.

ఆవిడ శాలువాతోనే క్యాంపస్ చూసుకుంటూ వెనక గేటుకి వచ్చి, బొంగు మీద తమ దేశం పేరు చూసి ఆగిపోయింది.

"ఇదేమిటి?" అని ఇంగ్లీషులో అడిగింది.

"మీ దేశమేనండి," అన్నాను. "మీరు లేనప్పుడు నేను చూసుకుంటున్నాను."

మొదట నవ్వింది. తర్వాత భవనంలోకి వచ్చి గోడ గడియారం చూసి నవ్వు ఆపేసింది. అది ఆవిడ ఇంకా మన టైముకి మార్చుకోని చేతి గడియారంతో నిమిషం తేడా లేకుండా కలిసింది. అప్పుడు సువర్చల ముందుకొచ్చి ఏమీ దాచకుండా, ఏమీ అలంకరించకుండా జరిగిందంతా చెప్పింది. టీ రుసుము సంగతి, మల్బరీ సంగతి, తల్లి ముద్దల సంగతి, ఢిల్లీ సంగతి. మార్గిట్ గారు నేలమీదే కూర్చుని విన్నారు. తర్వాత నిబంధనల పుస్తకం ఇంగ్లీషు ప్రతి అడిగి మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివారు. మా విశ్వవిద్యాలయంలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆవిడే.

"మేడమ్," అంది సువర్చల, "ఇన్‌ఛార్జికి అధికారం లేదు. రెగ్యులర్‌కి ఉంటుంది. రెండవ దేశానికి రెగ్యులర్ మీరే."

మార్గిట్ గారు పుస్తకం మూసి, "నిబంధన ప్రకారం ఈ అమ్మాయి చెప్పింది సరైనదే," అన్నారు.

దండపాణి గారు పరుగెత్తుకొచ్చారు. రెగ్యులర్ వస్తే ఇన్‌ఛార్జి తప్పుకోవాలన్నది ఆయనకి వేదం. అయితే రెగ్యులర్ మనిషి చేరడం అనేది ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ కాగితం ఎలా రాయాలో కూడా ఎవరికీ గుర్తు లేదు. చివరికి నేను ఉద్యోగంలో చేరిన నాటి పాత కాగితం తీసి, పేరు మార్చి రాశాం. 'ఈ దినము పూర్వాహ్నమున రెండవ దేశము యొక్క బాధ్యతలు స్వీకరించితిని' అని చదివి అర్థం చెప్పాను. ఆవిడ సంతకం పెట్టారు. నేను దేశం తాళంచెవి చేతికిచ్చాను. ఆ మరుక్షణం ఆవిడ పిల్లలందరి రిలీవింగ్ ఆర్డర్ల మీదా వరసగా సంతకాలు చేసి, సువర్చలది అన్నిటికంటే ముందు ఇచ్చారు.

సెక్యూరిటీ అతను బొంగు ఎత్తాడు. సువర్చల తలెత్తుకుని దాని కిందనుంచి నడిచింది. బయట మల్లేశ్వరి నిలబడి ఉంది. ఏడాదిగా రోజూ చూస్తున్న కూతుర్నే కొత్తగా చూసినట్లు రెండు చెంపలూ నిమిరి, "విదేశం పోయొచ్చి చిక్కిపొయ్యావే," అంది. అందరం నవ్వాం. దండపాణి గారు కూడా నవ్వారు, అది నిబంధనలకి విరుద్ధం కాదని నిర్ధారించుకున్నాక.

జులై మొదటి సోమవారం సువర్చల ఢిల్లీలో చేరింది.

ఇక మార్గిట్ గారు తిరిగి వెళ్లాలి. వాళ్ల దేశంలో మనిషి ఒక బాధ్యత తీసుకున్నట్లు సంతకం చేశాక, దాన్ని ఇంకొకరికి అప్పగించకుండా వెళ్లిపోరట. ఆవిడ దండపాణి గారిని కలిసి, తన స్థానంలో ఎవరినైనా పెట్టమన్నారు.

"తప్పకుండా," అన్నారు దండపాణి గారు. "స్థానం ఖాళీ ఏర్పడగానే ఇన్‌ఛార్జిని నియమిస్తాం."

"నేను వెళితే ఖాళీ అవుతుంది కదా?"

"అవును."

"ఇన్‌ఛార్జికి అప్పగించందే నేను వెళ్లలేను."

"అదీ నిజమే. ఫైలు పైకి పంపాం."

పైన ఉన్నవారు రాజధానిలో ఫొటోలాగే ఉన్నారు. ఆవిడ పట్టుపురుగుల భవనంలోనే ఉంటున్నారు. కొత్త జట్టుకి పాఠాలు చెబుతున్నారు, మల్బరీ చెట్లకి పాదులు చేస్తున్నారు, తెలుగు నేర్చుకుంటున్నారు. మా దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి అంతా ఉత్తర్వుల్లాగే వస్తుంది.

నిన్న మధ్యాహ్నం మొక్కలు చూద్దామని అటు వెళ్లాను. మొక్కలకి నేనే ఇన్‌ఛార్జిని కదా. మల్లేశ్వరి క్యారేజీ పట్టుకుని కంచె దగ్గరకి వస్తోంది.

"సువర్చల ఢిల్లీలో కదమ్మా?" అన్నాను.

"ఈ తల్లికి సారూ. ఈమె కూడా ఎవరి బిడ్డో, మన దేశం కాని దేశంలో ఉంది."

సెక్యూరిటీ అతను అలవాటు చొప్పున మూత తీయించాడు. "గోంగూర. కుదరదమ్మా, మొక్కలకి సంబంధించినది."

కంచె లోపలి నుంచి మార్గిట్ గారు లేచి వచ్చారు. "సదరు పచ్చడి దిగుమతి విధానపరమైన నిర్ణయము," అన్నారు స్పష్టంగా, తెలుగులో. "నాకు అధికారము కలదు. అనుమతించడమైనది."

బొంగు లేచింది. ఆవిడ మెట్టుమీద కూర్చుని, ముందు చెంచా కోసం చూసి, తర్వాత చేత్తోనే కలుపుకుని తినసాగారు. కారానికి కళ్లు ఎర్రబడ్డా ఆపలేదు. మల్లేశ్వరి కంచె పట్టుకుని, ముద్ద ముద్దకీ చూస్తూ నిలబడింది.

"అమ్మాయి ఫోన్ చేస్తోందా?" అని అడిగాను.

"చేస్తది సారూ. జీతమొచ్చింది, చీర కొన్నానంది. బాగానే ఉందిలే." కంచె తడుముతూ, "విదేశంలో ఉన్నప్పుడే నయం సారూ. కంచె కాడికొస్తే నోట్లో ముద్ద పెట్టేదాన్ని. ఇప్పుడు మన దేశంలోనే గదా ఉండేది, చెయ్యి చాస్తే అందట్లా," అంది.

ఫైలు పైకి పంపిద్దామమ్మా అని నాలిక చివరిదాకా వచ్చింది. అనకుండా ఊరుకున్నాను.